నాగావళి ఒడ్డున ఒక్క శిష్యుడి కోసం

శుక్రవారం ఉదయం ఆరున్నరకు విశాఖపట్నం స్టేషన్‌లో పలాస పాసింజరు ఎక్కాను. వీపున సంచి, చేతిలో నాలుగు ముక్కల గాలపు కర్ర ఉన్న పొడుగాటి గొట్టం. ఆదివారం సాయంత్రం లోపల, ఫ్లై ఫిషింగ్ అంటే ఏమిటో ఎరగని మనిషి ఒకరికి ఆ విద్య నేర్పాలి. ఆ మనిషి తన చేత్తో తనే ఒక్క చేపనైనా పట్టాలి. ఆ సమయంలో నేను కర్ర ముట్టుకోకూడదు. అదంతా వీడియో తీసి తేవాలి. నా ప్రయాణానికి కారణం ఇదే.

మన్యంలో ఏటి ఒడ్డున ఒక క్యాంపు ఉంది. అక్కడికి వచ్చేవాళ్ళకి ఈ వేట నేర్పే మనిషి కావాలన్నారు. పద్నాలుగేళ్ళు మెడికల్ రిప్రజెంటేటివ్‌గా డాక్టర్ల గుమ్మాల ముందు నిలబడి నిలబడి విసిగిపోయి, పోయిన నెల ఆ ఉద్యోగానికి దణ్ణం పెట్టేశాను. రెండేళ్ళుగా సెలవు దొరికితే చాలు, ఆ క్యాంపు నడిపే మేడమ్ దగ్గర నేర్చుకుంటున్నాను. విసరడం వచ్చింది, చేపలూ పడ్డాయి. సోమవారం చేరిపోవడమే అనుకుంటుంటే ఆవిడ ఈ మెలిక పెట్టారు. "చేప పట్టడం వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారండీ. కర్ర ఇంకొకళ్ళ చేతిలో ఉంటే చూస్తూ నిలబడగలిగే మనిషి నాకు కావాలి," అన్నారు. ఈ మాట చెబితే మా ఆవిడ ఒకటే నవ్వు. కాలుగాలిన పిల్లిలా తిరిగే నన్ను పట్టుకుని ఈ పరీక్ష పెట్టారా అంది.

బండిలో ఎదురు సీటాయన సింహాచలం దాటేదాకా గొట్టం వంకే చూశాడు. "ఏటండి అది, ఎక్సరేలా?" అన్నాడు. చేపల గాలం అని చెప్పాను. "దానికింత గొట్టం ఎందుకండీ, బజార్లో కొనుక్కుంటే అయిపోదా?" అని కిటికీ వైపు తిరిగిపోయాడు. విజయనగరంలో టీ తాగుతూ బండి కదిలిపోతుందేమోనని సగం గ్లాసు వదిలేసి పరుగెత్తి ఎక్కాను. ఆ తర్వాత పది నిమిషాలకు గానీ అది కదల్లేదు.

చీపురుపల్లిలో దిగేసరికి తొమ్మిది. అక్కడ మా అక్క మొగుడికి ఎరువుల కొట్టు ఉంది. బావ అయితే కాదనడు కదా అని ముందు అతన్నే శిష్యుడిగా అనుకున్నాను. మధ్యాహ్నం అక్క పెట్టిన వంకాయ కూర అన్నం తిని, మూడింటికి ఊరి బయట చెరువుకి వెళ్ళాం. బావకి కర్ర ఇచ్చి చెప్పడం మొదలుపెట్టాను. మామూలు గాలానికి ఎర ఉంటుంది, బరువు ఉంటుంది. దీనికి రెండూ లేవు. కోడి ఈకలు చుట్టిన చిన్న కొక్కెం, చూడ్డానికి పురుగులా ఉంటుంది. నేను ఈకపురుగు అంటాను. దానికి బరువు లేదు కాబట్టి లావుపాటి దారమే దాన్ని మోసుకుపోవాలి. కర్రని వెనక్కి లేపాలి, దారం వెనకాల సాగేదాకా ఒక్క క్షణం ఆగాలి, అప్పుడు ముందుకి విసరాలి. ఆ ఆగడంలోనే ఉంది కిటుకంతా.

బావ ఆగలేదు. దారం చెవికి చుట్టుకుంది. "అలా కాదు, ఇలా," అని కర్ర తీసుకుని చూపించాను. మళ్ళీ ఇచ్చాను, మళ్ళీ తీసుకున్నాను. ముప్పావుగంట అయ్యాక బావ చేతులు దులుపుకున్నాడు. "ఒరే, నాకు నేర్పుతన్నావా, నువ్వే ఆడుకుంటన్నావా? ఈ కాసేపు కొట్లో కూసున్నా రెండు బస్తాలు అమ్మీవోడిని," అన్నాడు. నాకు కోపం వచ్చింది. కర్ర ముక్కలు విప్పి గొట్టంలో పెట్టేశాను. తిరిగొస్తూ దారిలో బావే జాలిపడ్డాడు. "శీకాకుళం ఎల్లు. నాగావళిలో వలేసేవోళ్ళుంటారు. నీళ్ళ సంగతి తెలిసినోళ్ళకి బేగి వస్తాది," అన్నాడు. ఆ రాత్రి అక్క వాళ్ళింట్లో సరిగ్గా నిద్ర పట్టలేదు. రెండు రోజులే మిగిలాయి.

శనివారం పొద్దున్న బండికి ముప్పావుగంటలో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్. పేరు చూసి మోసపోకండి, స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, ఊళ్ళోకి బస్సో ఆటోనో పట్టుకోవాలి. నేను బస్సెక్కాను. నాగావళి బ్రిడ్జి దగ్గర దిగి ఇసకలో నడుచుకుంటూ నీళ్ళ దాకా వెళ్ళేసరికి పదకొండు. మాఘమాసం కదా, ఏరు సన్నబడి రెండు మూడు పాయలుగా పారుతోంది. ఒక పాయ దగ్గర అరవై దాటిన మనిషి విసురు వల ఆరబెట్టుకుని చిరుగులు చూసుకుంటున్నాడు. పేరు అప్పలసామి. నేను వచ్చిన పని చెప్పి ఈకపురుగుని అరచేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూశాడు.

"ఈక తిని సేప కడుపు నిండుతాదేటి?" అన్నాడు.

"నిండదు మావా, అది పురుగనుకుని నోరు తెరుస్తుంది."

"మోసమన్నమాట. సరే, ఎలగో సూపించు."

చూపించాను. కర్ర చేతికి తీసుకోగానే అతను చేసిన మొదటి పని దారాన్ని పళ్ళతో కరిచి పట్టుకోవడం. వల విసిరేవాళ్ళ అలవాటు అది. వలలో కొంత మోచేతి మీద వేసుకుంటారు, కొంత కుడిచేత పడతారు, సీసపు గుళ్ళున్న అంచు ఒకటి పళ్ళ మధ్య పెట్టుకుంటారు. తర్వాత నడుం మెలితిప్పి ఒక్క విసురు విసిరితే వల గుండ్రంగా విచ్చుకుని పడుతుంది. నలభై ఏళ్ళు అలా విసిరిన మనిషి గాలపు దారాన్నీ కరిచాడు, నడుమూ తిప్పాడు. నేను నేర్చుకున్న పాఠంలో రెండూ తప్పే. దారం నోట్లోంచి లాగేశాను. నడుం తిప్పొద్దన్నాను. "వెనక్కి, ఆగు, ముందుకి! ఆగు మావా, ఆగు!" అని చెవిలో జోరీగలా మోగుతూనే ఉన్నాను.

రెండింటప్పుడు ఎలాగో ఈకపురుగు రాళ్ళ పక్కన మడుగులో పడింది. నీళ్ళు ఒక్కసారి పెళ్ళున లేచాయి. కర్ర వంగింది. కొర్రమీనే అయి ఉంటుంది, బరువైనదే. ఫోను పట్టుకుని ఉన్నవాణ్ణి దాన్ని ఇసకలో పారేసి వెళ్ళి కర్ర పట్టుకున్నాను. ఇద్దరం చెరోవైపు లాగాం. దారం పుటుక్కున తెగింది.

అప్పలసామి కర్ర నా చేతిలో వదిలేసి వెళ్ళి వల పక్కన కూర్చున్నాడు. డబ్బా మూత తీసి చోడి అంబలి, అంటే రాగి జావ, సగం తను తాగి మిగతా సగం నాకిచ్చాడు. చేసిన పనికి సిగ్గేసింది, ఆ మాటే అతనితో అన్నాను.

"మా అయ్య నాకు వల నేర్పినప్పుడు ఒక్క ముక్క మాటాడనేదు. ఎలగ మాటాడతాడు? నోట్లో వల ఉంటాది. సేతుల్లోనూ వలే. నాను సూసీవోడిని, ఇసిరీవోడిని. తప్పు పడితే ఆయన మళ్ళీ ఇసిరీవోడు, అంతే," అన్నాడు. "రేప్పొద్దున్న రా. ఈపాలి నువ్వు వల పట్టుకో."

ఆ సాయంత్రం అరసవల్లిలో గది తీసుకున్నాను. మర్నాడు ఆదివారం, గుడికి జనం వస్తారు, గదులు ముందే నిండిపోతాయి. అటు వెళ్ళేవాళ్ళు చీకటి పడకముందే చూసుకోవడం మంచిది. టిఫిన్ హోటల్లో రెండు పెసరట్లు తిని వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి మూడుసార్లు తిరిగాను. వల పట్టుకోవడమేమిటో అర్థం కాక మనసు పీకుతూనే ఉంది.

ఆదివారం ఆరింటికి ఏట్లో మోకాలి లోతు నీళ్ళు ఐసులా ఉన్నాయి. అప్పలసామి తడి వలని తెచ్చి నా మీద సర్దాడు. తాడు ఎడమ మణికట్టుకి కట్టాడు, సగం వల మోచేతి మీద వేశాడు, తక్కినది కుడిచేతికిచ్చాడు. "నోరు తెరు," అని గుళ్ళ అంచు పళ్ళ మధ్య పెట్టాడు. నాచు వాసన, ఇసక రుచి. "ఇసరకు. అలగే నిలబడు," అని నా కర్ర తీసుకుని పది అడుగులు ముందుకెళ్ళాడు.

మొదటి విసురు అతని వీపుకే తగిలింది. చెబుదామనుకున్నాను, గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది. రెండోది నీళ్ళలో కుప్పగా పడింది. చేతులు లేవబోతే వల బరువు కిందికి లాగింది. వెళ్ళిపోదామన్నంత చిరాకు వేసింది. చేసేదేం లేక చూస్తూ ఉన్నాను. నాలుగో విసురుకో ఐదో విసురుకో అతను దారం కరిచి, పక్కకి నడుం తిప్పి, వల విసిరే ముందు చూసినట్టే నీళ్ళు చూస్తూ ఒక్క క్షణం నిలబడిపోయాడు. నేను నిన్న వందసార్లు అరిచిన ఆ ఆగడం తనంతట తనే వచ్చింది. దారం ఎదురుగాలికి అందకుండా నీళ్ళ మీదుగా పక్కవాటంగా వెళ్ళి మెల్లగా వాలింది. పాఠం ప్రకారం అది తప్పే, కానీ ఆ గాలికి నేను విసిరినా అంతకంటే బాగా పడేది కాదు.

ఏడు దాటాక ఒక పరిగె చేప పడింది. అరచేతి పొడవుంటుంది. అప్పలసామి తొందరపడకుండా దారం నోట్లోంచి చేతిలోకి తీసుకుని ఒడ్డుకి లాక్కున్నాడు. నా దగ్గరికొచ్చి చేపని చూపించి, దవడలు నొప్పెట్టేలా కరుచుకున్న వలని నా నోట్లోంచి తీశాడు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే గుర్తొచ్చింది, ఫోను ఒడ్డున సంచిలో ఉంది.

ఇంకొక్కసారి విసరమని బతిమాలాను. "ఎండొచ్చీసింది. నా వల నాకియ్యి, నా పని నాను సేసుకోవాల," అన్నాడు. మణికట్టుకి కట్టిన తాడు విప్పి వల ఇచ్చేశాను.

మధ్యాహ్నం స్టేషన్‌కి వచ్చి బండెక్కాక మేడమ్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ నడుం తిప్పిన సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు, నవ్వారు. "మీరు చెప్పేది నమ్ముతాను. కానీ వీడియో లేకుండా తీసుకుంటే ఈ పని అడిగిన మిగతావాళ్ళకి ఏం చెప్పను? ఈసారికి వేరే మనిషిని పెట్టుకుంటాను. వచ్చే సీజన్ లోపల ఇంకొకళ్ళకి నేర్పి చూపించండి," అన్నారు. ఉన్న ఉద్యోగం వదులుకున్నాను, ఇది రాలేదు. ఇంట్లో ఏం చెప్పాలో తెలియలేదు.

చీపురుపల్లిలో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. యాభై ఏళ్ళుంటాయి, బడిలో వంట చేస్తుందట, కొత్తవలసలో చెల్లెలింటికి వెళ్తోంది. "ఏటి బాబూ ఆ గొట్టం?" అంది. చెప్పాను, నేర్పడం నా పని అని కూడా అన్నాను, ఎందుకన్నానో. "ఏదీ, సూడనీ," అంది. కర్ర పిడి ముక్క ఒక్కటి తీసి ఇచ్చాను. డేగిసాలో అన్నం కలిపే తెడ్డు పట్టినట్టు గుప్పిటతో పట్టుకుంది. నా చేతులు లేచాయి. తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చున్నాను. ఆవిడ ఊపి చూసింది, మణికట్టు ఇబ్బంది పడ్డట్టుంది, తిప్పి పట్టుకుంది. విజయనగరం వచ్చేసరికి బొటనవేలు దానంతటదే పిడి మీదికి, సరిగ్గా ఉండాల్సిన చోటికి వచ్చింది.

"ఏటీ సెప్పవు? నేర్పేవోడినన్నావు కదా," అంది.

"నేర్పుతున్నానమ్మా," అన్నాను. చేతులు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయాయి.