శేషారత్నం టీచరు తిన్న కోడిగుడ్డు

ఇవాళ ఉదయం మనవరాలికి ఉడికిన గుడ్డు ఒలుస్తుంటే, ఆ వెచ్చని నీచు వాసన నన్ను సీతమ్మధారలోని ఒక వంటింట్లోకి లాక్కుపోయింది. ఎనభైల మొదట్లో నేను కొత్తగా బడిలో టీచరుగా చేరి, అక్కడి భూగోళం టీచరు శేషారత్నం గారింట్లో చిన్న వాటాలో అద్దెకుండేదాన్ని. మాది పద్మనాభం దగ్గర వ్యవసాయ కుటుంబం. చీర కొనాలన్నా మా అన్నయ్యను అడిగే మనిషిని నేను. ఆవిడది గోదావరి వైపు, గుడ్డు గడప దాటి రాని ఇల్లు. భర్త రోడ్ల ఓవర్సీరుగా మన్యంలో పనిచేస్తూ మలేరియాతో పోయారు. పిల్లల్లేరు. ఎదురింట్లో ఉండే బావగారి కూతురు సుధనే సొంత బిడ్డలా చదివించి పెద్దచేశారు.

ఆవిడ తమ్ముడు కెన్యాలో లెక్కల మాస్టారు. వేసవి సెలవులకు రమ్మన్నాడు. ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద సుద్దముక్కతో గీసిన ఆఫ్రికా గడ్డి మైదానాలను, అక్కడి సింహాలను కళ్ళారా చూడాలని ఆవిడ బయలుదేరారు. ఏ సూదులు వేయించుకోవాలో తెలుసుకుందామని వీధి చివర క్లినిక్‌కి వెళ్ళాం.

"పచ్చజ్వరం, అదే ఎల్లో ఫీవర్, దాని టీకా తప్పదండి. ఆ మందు కోడిగుడ్లలో తయారుచేస్తారు. గుడ్డు పడనివాళ్ళకి ప్రాణం మీదికి రావచ్చు. మీకు పడుతుందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఎప్పుడూ తినలేదమ్మా."

"అదే చిక్కు. తినేవాళ్ళయితే ధైర్యంగా వెయ్యమంటాను."

ఇంటి గుమ్మం దగ్గరికి రాగానే టీచరు, "నరసమ్మా, ఒక గుడ్డు తెచ్చిపెట్టు" అన్నారు.

తెచ్చాను. "నా గిన్నె ఇత్తానండి, మీ గిన్నెలో వొద్దు" అన్నాను.

"మందుకి వేరే గిన్నె ఏమిటి?" అంటూ రోజూ పాలు కాచే గిన్నెలోనే ఉడకబెట్టారు. ముందు గోరంత ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చున్నారు. ఏమీ కాలేదు. మిగిలింది ఉప్పు చల్లుకుని తింటూ ఉండగా బావగారు లోపలికి వచ్చారు. నేను కంచం తీయబోయాను. ఆవిడ కంచం మీద చెయ్యి పెట్టి ఆపేశారు.

ఆయన గోడకేసి చూస్తూ మాట్లాడారు. "మా తమ్ముణ్ణి దోమ తినేసింది. నువ్వు ఆ దోమల్ని వెతుక్కుంటూ దేశంగాని దేశం పోతావా? దానికోసం ఇంట్లో ఇదా?"

"ఆయనకి వేళకి మాత్ర అందలేదు బావగారూ. నాకు డాక్టరమ్మ ఇచ్చింది. వేసుకునే వెళ్తాను."

"మా ఇంటి పరువు ఏం కాను?"

"ఎవరైనా అడిగితే గుడ్డు తిన్నానని చెప్పండి. దద్దుర్లు రాలేదని కూడా చెప్పండి."

ఆయన కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు.

హార్బరు దగ్గర ఓడల్లో పోయేవాళ్ళకు సూదులు వేసే చోట, కళాసీల వరుసలో ఆవిడొక్కరే ఆడమనిషి. ఎవరో వెనక నవ్వితే తిరిగి చూసి, మళ్ళీ ముందుకు తిరిగి రవిక చెయ్యి పైకి మడుచుకున్నారు. తర్వాత జ్వరం వచ్చింది. "ఇంక ఎల్లకండి టీచరుగారూ" అని బతిమాలాను. "ఇది సూది తెచ్చిన జ్వరం, పోతుంది" అని అటు తిరిగి పడుకున్నారు. పోయింది. ప్రయాణానికి ముందే మొదలుపెట్టిన మలేరియా మాత్రను, తిరిగొచ్చాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళూ మానలేదు.

ఎండకు నల్లబడి వచ్చారు. "సింహం మనవైపు చూడను కూడా చూడదు నరసమ్మా. దానికి మనం అక్కర్లేదు. ఎంత హాయిగా ఉందో" అన్నారు.

ఆ ఏడే సుధ పెళ్ళి కుదిరింది. సింహాచలంలో ప్రాయశ్చిత్తం చేయించుకుంటేనే పిలుస్తామని బావగారు కబురు పంపారు. "దర్శనానికైతే ఎప్పుడైనా వెళ్తాను. ప్రాయశ్చిత్తం తప్పు చేసినవాళ్ళకి" అని ఆవిడ జవాబు. పిలవలేదు. పెళ్ళిరోజున ఎదురింటి ముందు మేళం మోగుతుంటే పట్టుచీర కట్టుకుని బడికి వచ్చారు. ఆఫ్రికా పటం గీస్తూ సగంలో సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయారు. కాసేపటికి మిగతా సగం గీశారు.

మరికొన్నాళ్ళకు నాకు పాడేరు వైపు ఆడపిల్లల హాస్టలు బడికి బదిలీ అయింది. అమ్మ ఏడ్చింది. "ఆ మన్నెంలో అన్నీ జొరాలే. ఆడపిల్లవి, ఒక్కదానివీ ఉంటే నలుగురూ ఏటనుకుంతారే?"

"జొరానికి మాత్ర ఉందమ్మా. ఆ నలుగురూ ఎవులు? పేర్లు సెప్పు" అన్నాను.

అమ్మ కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. మా అన్నయ్య పేరొక్కటే చెప్పింది. ఆ వారమే నేను పెట్టె సర్దుకుని కొండెక్కే బస్సెక్కాను. అప్పటినుంచి నన్ను ఆపబోయిన ప్రతివాళ్ళనూ అదే అడుగుతూ వచ్చాను. ఇన్నేళ్ళలో నాలుగు పేర్లు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.