నేను తవ్వించని ఎరువు గుంత

గాలి సోకింది, దయ్యం పట్టింది అని మా ఇంట్లో ఎవరైనా అంటే ముందు నవ్వేది నేనే. పెళ్లయి హైదరాబాద్‌లోని జహనుమా బస్తీకి వచ్చినప్పటి నుంచీ శ్మశానం పక్క దారినే కూరగాయలకు పోయొస్తున్నాను. ఒక్కనాడూ భయపడలేదు. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నాళ్లూ జంకాను.

మా బస్తీ ఆడవాళ్లం కలిసి కూరగాయల చెత్తతో ఎరువు చేస్తాం. ఆ పని చూసి, అండమాన్ వైపు ఒక చిన్న దీవిలో జరిగే సదస్సుకు నన్ను పిలిచారు. ఉప్పునీళ్లు ఎక్కి చచ్చిన నేలను మళ్లీ బతికించడం గురించి సదస్సు. నేను సముద్రం చూడటం అదే మొదటిసారి. తోడుగా మా ఆయన నర్సింగ్ వచ్చాడు.

పడవ దిగగానే, సదస్సుకు వంట చేసే మేరీ అనే ముసలామె నా రెండు చేతులూ పట్టుకుంది. "దీదీ, ఫిర్ ఆ గయీ?" అంది. మళ్లీ వచ్చావా అని. ఎవరో అనుకుని పొరబడిందని నవ్వేశాను.

ఆమె వంటపాక వెనక్కి తీసుకెళ్లి ఒక ఎరువు గుంత చూపించింది. కిందటేడు నేనే తవ్వించానట. అడుగున పగిలిన పెంకులు పరిచి ఉన్నాయి. మా గల్లీలో నీళ్లు నిలుస్తాయని నేను కనిపెట్టుకున్న ఉపాయం అది. ఇంకెవరికైనా తట్టి ఉండొచ్చు అనుకున్నాను.

అంతలో మేరీ చెత్త కలుపుతూ, అర్థం తెలియని పాటలాగా, "గట్టిగ ఒత్తకుర్రి, మట్టికి ఊపిరాడాలె" అంది. మా వాళ్లకు నేను రోజూ చెప్పే మాట. నా యాసతో సహా.

మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"నిజం చెప్పు. పోయినేడు నువ్వు మీ చెల్లె దగ్గరికే పోయినవా?"

"ఏంది నీ అనుమానం? దానికి ఆపరేషన్ అయింది గద. దవాఖానలనే ఉన్న."

"మరి ఈమెకు నీ మాట ఎట్ల తెలుసు?"

నాకూ అనుమానమే, కాకపోతే సదస్సు వాళ్ల మీద. ఎవరో నా వీడియో పంపి నాటకమాడుతున్నారని నిర్వాహకులతో గొడవపడ్డాను. కిందటేడు హైదరాబాద్ నుంచి ఎవరూ రాలేదని వాళ్లు ఒట్టేశారు. మా ఆయన నా చెల్లెలికి ఫోన్ చేశాడు. "అక్క నా మంచం కాడనే ఉండె బావా" అంది అది. అప్పటికి ఊరుకున్నాడు.

తిరిగి వచ్చే రోజు మేరీ రేవుదాకా వచ్చింది. "నీ చెల్లి బతికిందా?" అని హిందీలో అడిగింది. "కళ్లు తెరవట్లేదని ఇక్కడే కూర్చుని ఏడ్చావు కదా."

ఆపరేషన్ తర్వాత చెల్లెలు కొన్నాళ్లు తెలివిలోకి రాలేదు. కంగారుపడతాడని ఆ మాట మా ఆయనకే చెప్పలేదు.

పడవలో ఆ సంగతి చెప్పగానే ఆయన అడిగాడు.

"తెలివి లేకుండ పడున్న నీ చెల్లె, నువ్వు పక్కన ఉన్నది ఎట్ల చూసింది?"

ఇంటికొచ్చాక ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. నేనే తవ్వుకుంటున్నాను. ఆ మంచం పక్కనే ఉన్నానని నాకు తెలుసు. కానీ ఆ రోజుల్లో ఏం తిన్నానో, ఎక్కడ పడుకున్నానో, ఎవరితో మాట్లాడానో ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తు రావడం లేదు.