అడ్డం మాస్టారు

స్టూడియో మాస్టారు కుర్చీలోంచి లేవాలంటే ముందు మోకాళ్లను బతిమాలుకోవాలి. దరఖాస్తుల కోసం వచ్చేవాళ్లకు నిలువు ఫొటోలు తీసి తీసి ఆయన ప్రాణం విసిగిపోయింది. ఎవరైనా ఫోనెత్తితే మాత్రం ఊరుకోలేడు. "అడ్డంగా పట్టుకో నాయనా, పక్కనున్నవాళ్లూ మనుషులే" అంటాడు. అందుకే వీధిలో ఆయన అడ్డం మాస్టారయ్యాడు.

ఆ మధ్యాహ్నం ఒకావిడ ఇంటిల్లిపాదీ ఉన్న పాత అడ్డం ఫొటో తెచ్చింది. ఈమధ్యే పోయిన తల్లి కనిపించే ఫొటో ఇంట్లో అదొక్కటే. "అమ్మ ఒక్కతే వచ్చేలా నిలువుగా కత్తిరించండి మాస్టారూ. ఫ్రేము కూడా కొనేశాను." ఆయన దాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్లో అటూ ఇటూ జరిపి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చెయ్యి తెగిపోతుందమ్మా."

"మొహముంటే చాలు కదండీ."

"ఆ చెయ్యి ఎవరి తలమీదుందో చూశావా?"

రెండు జడల పిల్ల, ముందు పళ్లు ఊడిన నవ్వు. ఆవిడ తెరమీదికి వంగి తన చిన్నతనాన్ని చూసుకుంది.

"మరి నేను తెచ్చింది నిలువు ఫ్రేము కదా?" అంది.

మాస్టారు ఫ్రేమును బోర్లించి, పొట్టివైపున్న కొక్కేన్ని ఊడదీసి, పొడుగువైపు బిగించసాగాడు.