పున్నమి వెళ్ళిన విదియనాటి పాటు

1927లో నర్సీపట్నం సెక్షనులో ఓవర్సీరుగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మాఘమాసం మొదట్లో అసిస్టెంట్ ఇంజనీరు గారు పిలిచి ఒక ఫైలు అప్పగించారు. బలిఘట్టం పక్కన పారే వరాహ నది సర్వసిద్ధి రాయవరం దాటాక సముద్రంలో పడుతుంది. నది అలా పడే చోటును మొగ అంటారు. మొగ లోపలున్న రేవుకు రోడ్డు వేయాలా వద్దా అన్నది ఫైలులోని ప్రశ్న. బరువు పడవలు లోపలికి రాగలిగితేనే రోడ్డు. సముద్రం తీసినప్పుడు నీరు బయటికి పరుగెత్తడాన్ని పాటు అంటారు. ఆ పాటు అన్నిటికన్నా ఉరవడిగా ఉన్న వేళ దాని వేగమెంత, మొగకు అడ్డంగా ఉన్న ఇసుక మేట మీద లోతెంత, ఈ రెండూ తేవాలి. నాకు ముందు పనిచేసినాయన "ఆ నీటిలో కొలత అసాధ్యం" అని రాసి చేతులు దులుపుకున్నారు. నువ్వూ అదే రాస్తే ఫైలు మూసేస్తానని ఇంజనీరు గారు అన్నారు. ఫైలు మూతపడితే నా ఉద్యోగమూ ఖాయం కాదని నాకు అర్థమైంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పొగరు వయసుకు మించి ఉండేది. పెద్ద రేవుకు అచ్చు వేసిన పోటుపాట్ల పట్టిక ఒకటి, జేబు గడియారం ఒకటి, ఇంట్లోంచి తెచ్చిన పంచాంగం ఒకటి దగ్గరున్నాయి. ఇక ఎవరినీ అడగనక్కర లేదనుకున్నాను. మాఘ పౌర్ణమికి సముద్రం పొంగుతుందని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. ఊళ్లకు ఊళ్లు కదిలి సముద్ర స్నానానికి వస్తాయి. పొంగు ఎక్కువైతే పాటు కూడా ఎక్కువే కదా అని ఆ రోజే ముహూర్తం పెట్టుకున్నాను. పట్టిక ప్రకారం నీరు నిండా పొంగిన వేళకూ పూర్తిగా తీసిన వేళకూ నట్టనడుమ, అంటే మధ్యాహ్నం, నీరు జోరుగా ఉండాలి.

తెప్ప నడపడానికి మునసబు గారు కుదిర్చిన మనిషి పోలయ్య. అరవై దాటిన మత్స్యకారుడు. తెప్ప అంటే తాళ్లతో బిగించిన నాలుగు దుంగలు, అంతే. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చోవాలి, దుంగల సందుల్లోంచి నీరు పైకి వస్తూనే ఉంటుంది. బయలుదేరే ముందే పోలయ్య నసిగాడు.

"ఈయేళ వద్దు బాబూ. రెండ్రోజులాగండి."

సర్కారు అచ్చు వేసిన పట్టిక అబద్ధం చెబుతుందా అన్నాను.

"అది ఆ రేవు నీటికి అచ్చేసింది బాబూ. మా మొగకి కాదు."

నేను వినలేదు. మధ్యాహ్నపు సముద్రపు గాలి ఎదురు కొట్టింది. బయటికి పోయే నీటికీ లోపలికి తోసే గాలికీ మధ్య అలలు అడ్డదిడ్డంగా లేచాయి. మేట దాకా పోకుండానే తెప్ప ఒకవైపు ఒరిగి, నేను నీళ్లలో పడ్డాను. స్నానాలకు వచ్చిన జనమంతా చూస్తుండగా పోలయ్య నన్ను చొక్కా పట్టుకుని ఒడ్డుకు లాగాడు.

"తానం అయిపోయిందేటి బాబూ?" అంది అక్కడున్న ఒక ముసలమ్మ. "బేగి తల తుడుసుకోండి, జలుబు సేస్తాది."

అందరూ నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తడి బట్టలతోనే పోలయ్య పక్కన ఇసుకలో కూర్చుని, ఎప్పుడు వెళ్లాలో నువ్వే చెప్పు అన్నాను. ఆ మాట మొదటి రోజే అనాల్సింది.

"పున్నం నాడు నీరు ఇంకా ఊపందుకోదు బాబూ. ఎల్లిన ఇదియకి సూడండి. తెల్లారగట్ట కొండగాలి మన ఎనకనించి వస్తాది, అల లేవదు. బయట సముద్రం తీసేసినా, లోపల ఏట్లో నిండిన నీరు బేగి కాళీ అవదు. అదంతా ఆ ఒక్క సందులోంచే పోవాల. అప్పుడుంటాది సూడండి పాటు!"

పట్టికలో లేని సంగతి అది. మొగ ఇరుకు కాబట్టి లోపలి నీరు ఆలస్యంగా దిగుతుంది. ఒడ్డున పాటు ముగిసిందని గడియారం చెప్పే వేళకే మొగలో ఉరవడి మొదలవుతుంది.

విదియనాడు తూర్పు తెల్లబడుతుండగా తెప్ప దింపాం. ఒడ్డున రెండు వందల గజాల ఎడంలో రెండు గురుతులు ముందే పాతించాను. ఒక్కో గురుతుకు ముందొకటి, వెనకొకటి గుంజలు. నీటిలోంచి చూస్తే ఆ రెండూ ఒకటిగా కనిపించిన క్షణం గురుతు దాటినట్టు లెక్క. వేగం కొలవడానికి నీటి మీద తేలే బెండు వదలబోతే పోలయ్య ఆపాడు. అలల్లో అది కనపడదట. తెడ్డు ఆపేస్తే తెప్పే నీటితో సమంగా పోతుందట. నిజమే కదా!

మొదటి రెండు పరుగుల్లో సీసపు గుండు కట్టిన తాడు వేసి మేట మీద లోతు చూశాను. ఎక్కడా అయిదడుగులకు తగ్గలేదు. పడవకు నాలుగు చాలు. ప్రతిసారీ వెనక్కి రావడానికి పోలయ్య కష్టపడలేదు. ఒడ్డు పక్కన నీరు ఎదురు తిరిగి లోపలికి పోతుంటుంది, దాని మీదకు తెప్పను జరిపి ఊరుకున్నాడు.

మూడో పరుగు వేగం కోసం. అప్పటికి నీరు నునుపుగా, బిగువుగా జారిపోతోంది. మేట మీద మూడు వరసల అలలు లేచిన చోటే నిలబడి ఉన్నాయి.

"గట్టిగా పట్టుకోండి బాబూ!" అని పోలయ్య తెడ్డు ఎత్తేశాడు.

మొదటి గురుతు దాటింది. తెప్ప ముక్కు లేచి పడింది, మళ్లీ లేచి పడింది, ఉప్పునీరు నోట్లోకి కొట్టింది. నా కళ్లు మాత్రం గడియారం మీదా గుంజల మీదా ఉన్నాయి. ఎనభై ఎనిమిది సెకన్లు! గంటకు నాలుగున్నర మైళ్లకు పైమాటే. అంత నీటిలోనూ తెప్ప తిన్నగా పోయింది. నేను గొంతెత్తి కేక పెట్టాను. పోలయ్య కూడా పెట్టాడు. అంత సంతోషం నాకు ఆ ఉద్యోగంలో మళ్లీ కలగలేదు.

రిపోర్టులో తిథి, వేళ, గాలి, లోతు, వేగం రాసి, ఆ ఉరవడి వేళ తప్పిస్తే బరువు పడవలు లోపలికి రాగలవని చేర్చి, పరిశీలకుల పేర్లలో నా పేరుకు ముందు పోలయ్య పేరు రాశాను. ఇంజనీరు గారు అంకెలు రెండుసార్లు చూసి, తెప్పవాడి పేరు కొట్టేసి తెమ్మన్నారు. వేళ నిర్ణయించింది అతనేనండీ, నేను నిర్ణయించిన వేళకు మునిగాను అన్నాను. ఆయన రెండు పేర్లూ ఉంచి సంతకం పెట్టారు. ఆ ఏడే రోడ్డు మంజూరైంది, నా ఉద్యోగమూ ఖాయమైంది.

తరువాత చాలా ఏళ్లు నీళ్ల పనులే చేశాను. పట్టికలు వాడటం మానలేదు. అయితే ఏ కొత్త చోటుకు వెళ్లినా పట్టిక తెరవకముందు, ఆ నీటిలో రోజూ దిగే మనిషి ఎవరో కనుక్కుని అతని దగ్గరకు వెళ్లేవాణ్ణి.