ఏసీ వేయని మోడల్ ఫ్లాట్

ఇళ్ళు కట్టి అమ్మే ఆ కంపెనీలో తాళాలమ్మను ఎరగనివారు లేరు. మోడల్ ఫ్లాట్ చూపించడం ఆమె ఉద్యోగం. చేతిలో తాళాల గుత్తి, నోట్లో మాటల మూట. ఆ పనిలో ఒక కిటుకుంది. కొనేవాళ్ళు రాకముందే ఏసీ వేసి, కర్టెన్లు దించి ఉంచాలి. లోపల అడుగు పెట్టగానే "అబ్బ, ఎంత హాయిగా ఉందో!" అనాలి వాళ్ళు.

ఆమె సొంత అక్క కూడా అలాగే మురిసిపోయి, పడమటి వైపు నిలువెత్తు అద్దాలున్న ఫ్లాటు కొంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఎండాకాలం వచ్చేసరికి అది కొలిమైంది. ఏసీ వేసినా చల్లబడదు. అప్పటినుంచి అక్కకి మధ్యాహ్నం కునుకు లేదు, చెల్లెలితో మాటా లేదు. తాళాలమ్మకి ఆ బాధ తీరలేదు.

ఎండలు ఏటికేడు ముదురుతుంటే కంపెనీ కూడా దారి మార్చుకుంది. కొత్త ఇళ్ళలో అద్దాలు తగ్గాయి. కిటికీల మీద వెడల్పాటి సన్‌షేడ్లు, గోడలకి బోలు ఇటుకలు, డాబాకి తెల్ల రంగు వచ్చాయి.

"ఇకమీదట ఏసీ వేయొద్దు. మిట్టమధ్యాహ్నమే చూపించు" అన్నాడు యజమాని.

ఇదేం చోద్యం అనుకుంది తాళాలమ్మ. ఒకరికి చెప్పేముందు తనకి తెలియాలి కదా! మిట్టమధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకెళ్ళి కొత్త మోడల్ ఫ్లాట్‌లో ఒక్కతే కూర్చుంది. పడమటి గోడకి చెయ్యి ఆనించింది, చాలక చెంప ఆనించింది; వేడి తగల్లేదు. ఎదురెదురు కిటికీలు తెరిచి, గాలి ఎటునుంచి ఎటు పోతోందో చూడటానికి చేతిరుమాలు పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ధైర్యం చేసి అక్కకి ఫోన్ చేసింది.

"మళ్ళీ నా చెవిలో పువ్వు పెడదామనా?" అంది అక్క.

"కొనొద్దులే అక్కా. ఊరికే వచ్చి చూడు. ఎండ మండే వేళకే రా."

అక్క వచ్చింది. వస్తూనే ఏసీ ప్లగ్గు పీకింది. కర్టెన్ల వెనక ఇంకేమైనా మిషను దాచిందేమోనని వెతికింది. మంచం కిందికీ తొంగిచూసింది.

"చూద్దాం, ఎంతసేపు ఇలా ఉంటుందో" అంటూ సోఫాలో కూలబడింది.

తాళాలమ్మ మంచినీళ్ళు తెద్దామని వెళ్ళి వచ్చేసరికి అక్క గుర్రు పెడుతోంది.

ఇంతలో కొనేవాళ్ళు వచ్చారు. తాళాలమ్మ చప్పుడు కాకుండా తాళాలు గుప్పిట్లో బిగించి, గుమ్మంలోనే వాళ్ళని ఆపింది.

"కాస్త మెల్లగా రండి. మా అక్క పడుకుంది."