పిల్లల కోసం కొట్టిన కైమ

మా బాల్కనీలో ఒక చింత మొద్దు ఉంది. దాని మీద మనీ ప్లాంట్ కుండీ పెట్టుకున్నాం. ఊరు వదిలి జడ్చర్లలో ఈ కిరాయి ఇంటికి వచ్చేటప్పుడు నులక మంచాలు, గోళెం, రోకలి అన్నీ అక్కడే వదిలేసిన అమ్మ, దీన్ని మాత్రం ఆటోలో కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చింది. నడుమ గుంట పడి, ఒళ్లంతా కత్తి గాట్లతో ఉండే ఆ మొద్దును ఎన్నిసార్లు కడిగినా, ఎన్ని ఎండల్లో పెట్టినా, వాన జల్లు తగిలితే చాలు, పసుపూ పచ్చిమాంసమూ కలిసిన వాసన సన్నగా లేస్తుంది. పక్కింటివాళ్లు ముక్కు మూసుకుంటారేమో గానీ నాకు మాత్రం ఆకలేస్తుంది. ఆ వెనకే తాత గుర్తొస్తాడు.

తాత అంటే మా బాపు వాళ్ల నాయిన. మా వాడలో ఆదివారం ఎవరు యాటను కోసినా మాంసం పోగులు వేసేది ఆయనే. చర్చి నుంచి వచ్చి, తెల్ల అంగీ విప్పి మేకుకు తగిలించి, ఈ మొద్దు ముందు గొంతుకూర్చుంటే, చుట్టూ ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని, మేము పిల్లలం ఒకరి భుజాల మీద ఒకరం వాలి, కుక్కలు ఆశగా దూరంగా నిలబడి చూస్తుండేవాళ్లం. తరాజు లేదు, తూకం రాళ్లు లేవు. మోదుగాకుల మీద ఇంత మెత్తటి కండ, ఇంత కలేజా, ఇంత కొవ్వు, ఒక బొక్క, అన్ని పోగుల్లోనూ సమానంగా పడేవి. పసిపిల్లలున్న ఇంటికి మూలుగ బొక్క పోయేట్టు ఎట్లా చూసేవాడో ఎవరికీ అంతుపట్టేది కాదు. అందరూ తీసుకున్నాక మిగిలిన పోగు మాది. అది చిన్నగా ఉందని అవ్వ గునిసేది, ఆ గునుసుడు కూడా ఆదివారం కూరలో ఒక దినుసే.

అట్లాంటి మనిషికి పళ్లు ఊడిపోయాయి. నాకు బాగా జ్ఞాపకం ఉండే వయసుకు కింది చిగుళ్ల మీద రెండు పళ్లు మిగిలాయి, తర్వాత అవీ లేవు. బాపు జడ్చర్ల తీసుకొచ్చి కట్టుడు పళ్లు చేయించాడు. తాత వాటిని ఒక్క ఆదివారం పెట్టుకుని, చర్చిలో పాట మధ్యలో జారబోతే అరచేత్తో ఆపుకుని, ఇంటికి రాగానే సీసాలో వేసి మూత బిగించాడు. నేనూ తమ్ముడూ ఆ సీసాను ఊపి వాడలోని పిల్లలను దడిపించేవాళ్లం, సీసా చూడాలంటే మాకు రేగుపండ్లు ఇవ్వాలని షరతు కూడా పెట్టేవాళ్లం. మాకు అది నవ్వులాట. తాతకు కాదు. ముక్క నమలలేనని ఒప్పుకోవడానికి ఆయనకు నోరు రాలేదు. పండుగ పూట చాప పరిచి అందరికీ వడ్డిస్తుంటే, 'నేనిప్పుడే తిన్న, మీరు కానియ్యుండ్రి' అని వాకిట్లోకి పోయేవాడు. తర్వాత ఎవరూ చూడకుండా పెరట్లో కూర్చుని పచ్చిపులుసులో అన్నం పిసుక్కుని మింగేవాడు.

ఒకసారి అవ్వ తెగించి కైమ వండి పళ్లెంలో వేసింది. తాత ఆ పళ్లెం పక్కకు జరిపాడు.

"కైమ చిన్నపోరగాళ్లు తినేది. నన్ను గూడ ఒళ్లె కూసోబెట్టుకొని తినిపియ్యి ఇగ!"

ఆ రోజు అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని పొయ్యి దగ్గర ఏడ్చింది. ఊరందరికీ మాంసం పంచిన చెయ్యి ముక్క లేని పళ్లెం ముందు ఉండటం ఆమెకు మింగుడు పడలేదు. ఆ ముచ్చట మళ్లీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇక మాకు పండుగంటే క్రిస్మస్. డిసెంబరు చలిలో పొద్దున్నే కందికాయ, అనపకాయ ఉప్పేసి ఉడకబెట్టిన ఆవిరి ఇంటింటా కమ్ముకునేది. వెదురు బద్దలకు రంగు కాగితాలు అంటించి నక్షత్రం చేస్తుంటే జిగురు కోసం ఉడికించిన మైదాను తమ్ముడు సగం నాకేసేవాడు. పండుగ ముందర అసలు సంబరం మాత్రం భట్టి దగ్గర. మైదా, డాల్డా, చక్కెర పొడి కలిపిన పిండిని గిన్నెల్లో మోసుకుని జడ్చర్లలో ఖాజా భాయ్ బేకరీ వెనక వరుస కట్టేవాళ్లం. ఆయన కూలి తీసుకుని కట్టెల భట్టిలో కాల్చి ఇచ్చేవాడు. ఎవరి బిస్కెట్లు ఎవరివో తెలియాలి గనుక ఇంటికో గుర్తు: ఒకరు గాజుతో ఒత్తేవారు, ఒకరు సీసా మూతతో. మాది అవ్వ బీరువా తాళంచెవి. ఇప్పటికీ ఆ తాళంచెవి చూస్తే నాకు నోట్లో తీపి ఊరుతుంది.

ఫోన్లలో నెట్ అగ్గువకు వచ్చిన ఏడాది అమ్మ ఒక వీడియో చూసింది. ఎవరో దొరసాని బిస్కెట్ పిండిలో కైమా, చీజూ పెట్టి, అంచులు మూసి కాలుస్తోంది, తుంచితే లోపల మెత్తగా సాగుతోంది. అమ్మ దాన్ని మళ్లీ మళ్లీ చూసి, అవ్వను లోపలికి పిలిచి చూపించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్నాడు బాపు చీజ్ డబ్బా తెచ్చాడు. అవ్వ అంచు కొరికి మొహం చిట్లించింది.

"గిదేం జున్నే, సబ్బు లెక్కున్నది!"

కైమ కొట్టడానికి దుకాణంలో మెషిన్ ఉంది. అమ్మ మాత్రం మెత్తటి కండ తెచ్చి మొద్దు మీద పెట్టి, నెత్తిన కొంగు సవరించుకుని తాత దగ్గరికి వెళ్లింది.

"మామా, పోరగాళ్లు కైమ బిస్కెట్లు గావాలని నా పానం తింటున్రు. జర కొట్టిస్తవా?"

మేము అట్లాంటిదేమీ అడగలేదు. తమ్ముడు ఆ మాట అనబోతే అవ్వ వాడి తొడ గిల్లింది. తాత మా ఇద్దరినీ చూశాడు, మాంసాన్ని చూశాడు, తర్వాత కత్తి తెమ్మన్నాడు. ఆ సాయంత్రం మొద్దు మీద కత్తి చప్పుడు ఎంతకీ ఆగలేదు. అమ్మ 'చాలు మామా' అంది, అవ్వ 'చాలయ్యా' అంది. ఆయన మాత్రం కొట్టింది కుప్ప చేసి, వేళ్ల మధ్య నలిపి చూసి, మళ్లీ కొట్టాడు.

మర్నాడు భట్టి దగ్గర ఖాజా భాయ్ మా గిన్నెలో మసాలా కైమ పెట్టి మూసిన బిస్కెట్లు చూసి గడ్డం గోక్కున్నాడు. "అమ్మా, అందరియి తీపి బిస్కెట్లు. గీ మసాలా వాసన పట్టిందంటే లొల్లి చేస్తరు. ఆఖర్ల పెడ్త, జర కూసోండి." కూర్చున్నాం. వరుసంతా కరిగి, పొద్దు వాలబోతుంటే మా ట్రే లోపలికి పోయింది. బయటికి రాగానే ఆగలేక ఒకటి ఊదుకుంటూ కొరికాను. ముందు తీపి, ఆ వెంటనే మిరియాలూ అల్లమూ.

"అమ్మా, ఇది తియ్యగుంది!"

అమ్మ మొహం పాలిపోయింది. ఏళ్ల తరబడి పండుగ పిండి కలిపిన చేతులు, ఈసారి ఉప్పు పిండి కలపాలన్నది మరిచి, అలవాటుగా చక్కెర పోసేశాయి. మళ్లీ చేయడానికి మాంసం లేదు, భట్టి చల్లారుతోంది, తెల్లారితే పండుగ. ఇంటికి వచ్చే ఆటోలో అమ్మ డబ్బాను ఒళ్లో పెట్టుకుని, మూత మీది చెయ్యి తియ్యకుండా కూర్చుంది.

పండుగ మధ్యాహ్నం చాప పరిచారు. బగారన్నం, మటన్ కూర. తాత అలవాటుగా తువ్వాల దులుపుకుని లేవబోయాడు. అమ్మ పెనం మీద వెచ్చబెట్టిన ఒక బిస్కెట్ పళ్లెంలో పెట్టి ముందుకు జరిపింది.

"జర రుచి చూసి చెప్పు మామా. పోరగాళ్లకు కారమైతదేమో."

తాత కూర్చున్నాడు. బిస్కెట్ తుంచాడు, చీజ్ సాగి మీసానికి అంటుకుంది. నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చిగుళ్లతో మెల్లగా అదిమాడు. మేమంతా అన్నం కలపడం ఆపేశాం.

"చక్కెర పడ్డట్టున్నది."

అమ్మ తల దించుకుంది.

"గట్లనే ఉండాలె బిడ్డా. పోరగాళ్లు ఉత్త కారం తినలేరు," అని ఇంకో తుంపు నోట్లో వేసుకున్నాడు. "ఇంకోటి దే. ఒక్కదాంతోని ఏం తెలుస్తది?"

రుచి చూడటం డబ్బా సగం ఖాళీ అయ్యేదాకా సాగింది. తమ్ముడు లెక్క తప్పకుండా చూస్తూ గుటకలు మింగాడు. అవ్వ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ రోజు మా చాప మీద అందరం ఉన్నాం, అంతకంటే నాకు ఏ పండుగా బాగా జరిగినట్టు గుర్తులేదు.

ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ అమ్మ కావాలనే చక్కెర వేసేది. తాతే కైమ కొట్టేవాడు, పోరగాళ్ల కోసమని. గట్టి పళ్లున్న పిల్లలకు కైమ అంత వెన్నలా ఎందుకన్న ప్రశ్న నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు. అది ఎవరి నోటికోసమో కొట్టేటప్పుడే ఆయనకు తెలుసు. తెలిసీ మా పేరు మీద కొట్టాడు, అమ్మ మా పేరు మీద అడిగినట్టే.

తాత పోయాడు, రెండేళ్లకు అవ్వా పోయింది. ఖాజా భాయ్ భట్టి కూలగొట్టి అద్దాల బేకరీ కట్టారు. అక్కడ ఎవరి పిండీ తీసుకోరు, ఇప్పుడు మా ఇంటి గుర్తు తెలిసినవాళ్లూ లేరు. వాడలో మాంసం తూకం మీద, నల్ల కవర్లలో వస్తోంది. నేను ఫార్మా కంపెనీలో చేరి, మొదటి జీతంతో చిన్న ఓవెన్ కొన్నాను.

బాపు తంబాకు మానలేదు. పోయిన నెల పళ్ల డాక్టరు కింది పళ్లన్నీ తీసేశాడు. నిన్న ఆదివారం అమ్మ వడ్డిస్తుంటే బాపు తువ్వాల దులిపి లేచాడు.

"నేనిప్పుడే తిన్న. మీరు కానియ్యుండ్రి."

అమ్మ నావైపు చూసింది. నేను బజారుకు పోయి మెత్తటి కండ తెచ్చాను.

"బాపూ, పిల్లలకు కైమ బిస్కెట్లు చేయాలె. జర కొట్టిస్తవా?"

మా ఇంట్లో పిల్లలెవరూ లేరు. తమ్ముడు హాస్టల్లో ఉన్నాడు, నాకింకా పెళ్లి కాలేదు. బాపు నన్ను చూశాడు, మాంసాన్ని చూశాడు. తర్వాత లేచి బాల్కనీలోకి పోయి, మొద్దు మీది కుండీని మెల్లగా దించి పక్కన పెట్టాడు.