దేవవ్వ వేలు, రాజమౌళి డబ్బా

కోరుట్ల బస్టాండు వెనక సందులో రాజమౌళి దరఖాస్తులు, పింఛన్ల పనులు చేసిపెట్టే ఆన్‌లైన్ షాపు పెట్టి ఎనిమిది నెలలైంది. పన్నెండేళ్లు దుబాయిలో ఇనుప చువ్వలు కోసి, రెండు వేళ్లు మిషన్‌కు ఇచ్చి తిరిగొచ్చిన మనిషి. జగిత్యాలలో కొన్న పాత కంప్యూటరు స్విచ్ వేస్తే అరగంటకు గానీ లేవదు. లేచినా ఊరుకోదు. ఎవరూ పిలవకుండానే రమ్మీ ఆట, పాటల పెట్టె, ఇంకా ఏవేవో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి.

ఓ పొద్దున విసుగెత్తి, దాన్ని అమ్మిన వీరేందర్‌కు ఫోన్ చేశాడు.

"గవి స్విచ్ ఎయ్యంగనే వాటంతటవే లేస్తయే అన్నా. స్టార్టప్ అని లిస్టుంటది. పనికిరానియి డిజేబుల్ కొట్టు."

డిజేబుల్ అన్న మాట రాజమౌళికి ఒక్కచోటే తెలుసు. వికలాంగుల క్యాంపులో డాక్టరు అతని చేయి అటూ ఇటూ తిప్పి, రెండు వేళ్లకు సర్టిఫికెట్ రాదు పొమ్మన్నాడు. తనకు దక్కనిది వీటికి ఒక్క నొక్కుతో ఇచ్చేయాలట! లిస్టులో పేర్లన్నీ ఇంగ్లిషు. రమ్మీని గుర్తుపట్టి కొట్టాడు. మిగతావాటిలో ఏది కావాలో, ఏది వద్దో అంతుపట్టలేదు. ఎందుకొచ్చిన గొడవని అన్నింటినీ కొట్టేశాడు. ఆపి మళ్లీ వేస్తే కంప్యూటరు రెండు నిమిషాల్లో లేచింది.

ఆ సంబరంలో ఉండగానే దేవవ్వ సంచితో వచ్చింది. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన ముసలామె. ఏటా ఒకసారి వేలిముద్ర వేసి, బతికే ఉన్నానని చూపిస్తేనే పింఛను. రేపటితో గడువు. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోయి కొడుకు మహారాష్ట్రలోని భీవండి పోయాడు. ఒంటిగంట బస్సుకు ఆమె కూడా అక్కడికే.

వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టింది. పడలేదు. తుడుచుకుని పెట్టింది. పడలేదు.

"నీ ఏలు అరిగిందవ్వా."

"ఆకు సుట్టిన ఏలు కొడుకా, అరగకేమైతది? పోయినేడు పడ్డది గద?"

నిమ్మచెక్కతో రుద్దించాడు. కొబ్బరినూనె రాయించాడు. పది వేళ్లూ అయ్యాయి.

"కాళ్లయి గూడ పెట్టాల్నా?"

రాజమౌళి తన బొటనవేలు పెట్టి చూశాడు. అదీ పడలేదు. తన వేలు ఎప్పుడు అరిగింది? మళ్లీ వీరేందర్‌కు ఫోన్ చేశాడు.

"ఏలిముద్ర మిషన్‌ను నడిపేది గూడ బంద్ వెట్టినవా ఏంది?" అన్నాడు వీరేందర్.

"గదేదో నాకేం ఎరుక? ఏం పేరుంటది?"

"కంపెనీకో తీరుంటదన్నా."

ఇక చేసేది లేక, ఆపినవన్నీ తిరిగి పెట్టేసి కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు. పన్నెండుంబావు. ఇద్దరూ తెరకేసి చూస్తూ కూర్చున్నారు. ముందు రమ్మీ వచ్చింది. తర్వాత పాటల పెట్టె. దేవవ్వ సంచి ఒళ్లోకి తీసుకుంది, దించింది, మళ్లీ తీసుకుంది. ఒంటిగంటకు పది నిమిషాలుండగా మిషన్‌లో ఎర్రలైటు వెలిగింది. ఆమె వేలు పెట్టింది. మొదటిసారికే పడింది.

"ఇప్పుడు బతికిన్నా?"

"బతికినవవ్వా."

"మరి ఇంతసేపు నేను సచ్చినట్టా, నీ డబ్బ సచ్చినట్టా?"

రాజమౌళి రసీదు ప్రింటు తీశాడు. కాగితం ఆమె చేతిలో పెట్టి, సంచి అందుకుని, షాపు తెరిచే ఉంచి బస్సు వైపు ఉరికాడు.